నా బదులు

పది క్లాసులకు ముందే డబ్బు కట్టాను.
మూడు అయ్యాక, పోస్టాఫీసు మెట్ల మీద
కంటికి ఆనని మంచు నా కాలు లాగేసింది.
తుంటిలో ఇప్పుడొక ఉక్కు కడ్డీ,
ఫ్రిజ్ తలుపు మీద ఏడు పసుపు టికెట్లు.

"పారేద్దామా?" అన్నాను నార్మండ్‌తో.
ఆ మాట ఆయనకు గిట్టదు.
వంకరపోయిన మేకుల్ని సుత్తితో సాపు చేసి
డబ్బాలో దాచే మనిషి.
దాచుకోనిది ఒళ్ళొక్కటే.
హూసటానిక్ ఒడ్డున కాగితం మిల్లులో
ముప్పై ఎనిమిదేళ్ళు
ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడని
రిటైరైన రోజు ఫోర్‌మన్ కూడా అన్నాడు,
ఒక గోడ గడియారం చేతిలో పెట్టి.

నా బదులు వెళ్ళి నేర్చుకో,
వచ్చి నాకు చూపించు, అన్నాను.
జేబులో పెన్సిలు, చిన్న నోటు పుస్తకం పెట్టుకుని వెళ్ళాడు,
మిల్లుకి కొత్త యంత్రం వచ్చిన రోజు వెళ్ళినట్టే.

క్లాసు చర్చి కింది గదిలో.
బింగో బోర్డు, మడత కుర్చీలు,
ఎవరో లోపలికి రానిమ్మని తడుతున్నట్టు
టకటకమనే ఆవిరి గొట్టాలు.
నేర్పేది థియా.
ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపింది.
అద్దంలో చూస్తూ పిల్లల్ని గదమాయించీ గదమాయించీ
ఇక ఎవరినీ సరిదిద్దనని ఒట్టేసుకున్నట్టుంటుంది.

మొదటి వారం పుస్తకంలో ఒక్క ముక్క లేదు.
"ఏం చెప్పింది?"
"చేతులెత్తమంది."
"ఎంత ఎత్తు?"
"అదే అడిగాను. నీ భుజం ఎంతంటే అంత, అంది."
కొలత లేని పని!
ఆ రాత్రంతా దుప్పటి మీద చిరాకు చూపించాడు.

రెండో వారం:
"కళ్ళు మూసుకోమంది. మూసుకున్నాను.
నా ఎడమ మడమ చల్లగా ఉంది."
"అంతేనా?"
"అంతే. ఎన్నాళ్ళ నుంచి ఉందో మరి."
నాకు నవ్వొచ్చింది, నవ్వితే తుంటి కలుక్కుమంది.
ఆయన నవ్వలేదు.
మంచం చివర కూర్చుని మేజోడు విప్పి
మడమను అరచేతిలో పెట్టుకుని చూశాడు,
తప్పిపోయి ఇల్లు చేరిన పిల్లిని చూసినట్టు.

మూడో వారం ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నాలుగో వారం మంచు తుపాను, క్లాసు లేదు.
అయినా ఆరింటికి వంటింట్లో కుర్చీ వేసుకున్నాడు.
తలుపు సందులోంచి వీపు కనిపిస్తోంది.
మిల్లు దుమ్ము తాగిన ఛాతీ,
పీల్చిన గాలి సగం దారిలో ఎక్కడో తట్టుకుంటుంది.
ఒకప్పుడైతే గట్టిగా దగ్గి తరిమేవాడు.
ఇప్పుడు ఆగాడు,
ఇంకా బూట్లు కట్టుకుంటున్న పిల్లాడి కోసం
బస్సు ఒక నిమిషం ఆగినట్టు.
కాసేపటికి అదే దారిచ్చింది.

తుంటి విరిగినప్పటి నుంచీ
రోజూ పొద్దున గుమ్మంలో నిలబడి
"తగ్గిందా?" అనేవాడు.
లేదంటే మొహం చిన్నబోయేది,
నేనేదో పని ఎగ్గొట్టినట్టు.
అందుకని తగ్గిందనే చెప్పేదాన్ని.

ఆరో వారం క్లాసైన మర్నాడు
గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.
కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.
"ఎలా ఉంది, ఒడెట్?"
అని, నిజంగానే ఆగాడు.
చూరు నుంచి మంచు జారి పడింది.
వీధిలో ఎవరో పారతో తవ్వుతున్నారు.
ఆయన ఇంకా ఆగే ఉన్నాడు.

"రాత్రి రెండింటికి ఏడ్చాను" అన్నాను.
మాత్ర కోసం లేవలేదు. డాక్టరు మాట ఎత్తలేదు.
"ఎక్కడ?" అన్నాడు.
మిల్లు కాగితం గీతలన్నీ మిగిలిన ఆ చేతిని పట్టుకుని
చోటు చూపించాను.
నొక్కలేదు. నిమరలేదు.
ఆ చెయ్యి అక్కడ ఉంది, అంతే.
దాని కింద నా ఊపిరి పైకి వచ్చింది, దిగింది.

ఫ్రిజ్ మీద ఇంకా రెండు టికెట్లున్నాయి.
నేను నడిచే రోజుకి దాచి ఉంచమన్నాను.
"అవి నావి" అన్నాడు,
"నీకు వేరే కొంటాను."