అస్తరు

కోటు లోపలి పక్క ఎవరూ చూడరు.
నా బతుకంతా అక్కడే గడిచింది.

ఒహాయో నది ఒడ్డున, మూతపడ్డ గాజు ఫ్యాక్టరీకి ఎదురుగా
మా అమ్మ పెట్టిన కుట్టుకొట్టు.
ఒకప్పుడు పెళ్లి గౌన్లు, కొలిమి పనివాళ్ల ఓవరాల్స్.
ఇప్పుడు తలుపు తోసుకొచ్చి గొంతు తగ్గిస్తారు:
"లోపల ఇంకో జేబు పడుతుందా, మిస్ వర్గా?"

దేనికని అడగను. కొలతే చెబుతుంది.
ఆరంగుళాల పొడవు, నాలుగు వెడల్పు.
కళ్లద్దాలకైతే అంత గట్టి గుడ్డ అక్కర్లేదు.
అస్తరు రెట్టింపు వేస్తాను, మూలకి మూడేసి కుట్లు.
కుట్టు నాది, గుట్టు వాళ్లది.

ఓరిన్ టాకెట్, పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ.
రెండుసార్లు దోచారు. రెండోసారి ముందు పన్ను పోయింది.
"పోలీసు కారు రావడానికి పద్దెనిమిది నిమిషాలు.
నా ఒళ్లు చల్లబడ్డానికి అంతసేపు పట్టదు" అంటాడు
నేను ఛాతీ కొలుస్తుంటే రెండు చేతులూ చాచి
సోదాకి నిలబడ్డవాడిలా.

రెనాటా ప్రూయిట్ పర్సులో జడ్జి ఇచ్చిన కాగితం, నాలుగు మడతలు:
మాజీ మొగుడు వంద గజాల్లోపు రాకూడదు.
"కాగితం అడ్డుపెట్టుకుని నిద్రపోయి చూడండి" అంది.
ఆ స్కర్టుకి డబ్బు తీసుకోలేదు నేను.
ఆ రాత్రి నిద్రా పోలేదు.
రెండింటికీ కారణం ఒకటే కాదు.

మొన్న మంగళవారం టౌన్ హాల్లో సభ.
లైబ్రరీలోకి, ఈ హాల్లోకి
తుపాకీ దాచుకుని రావచ్చా, కూడదా అని.
తలుపు మీద తుపాకీ బొమ్మ, దానికి అడ్డంగా ఎర్ర గీత;
వానకి ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది.

స్కూలు నర్సు కార్లిస్ ఎంబ్రీ లేచింది.
"కనపడే కుక్క నుంచి ఎటు తప్పుకోవాలో పిల్లలకి నేర్పగలను.
కనపడని కుక్క గురించి ఏం నేర్పను?"
కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు బూట్లు నేలకి రాశారు.
"మంచివాడి జేబులో ఉందంటేనే చెడ్డవాడికి భయం"
అన్నాడొక ముసలాయన,
ఎవరు ఎవరో ఎలా తెలుస్తుందో చెప్పకుండా కూర్చున్నాడు.

అప్పుడు వెనక వరసలో ఒక మడత కుర్చీ
దభీమని పడింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు
చేతులు కదిలాయి.
ఓరిన్‌ది ఎడమ చంక కిందికి. నా కుట్టే.
రెనాటాది తొడ పక్కకి. నా కుట్టే.
బ్యాంకు గుమస్తా. చర్చిలో ఆర్గన్ వాయించే కుర్రాడు. నా కుట్లే.
తలుపు మీది బొమ్మ ఎవరినీ ఆపలేదన్నమాట.
ఆ తర్వాత కార్లిస్ ఎంబ్రీ చెయ్యి
నీలం కార్డిగన్ లోపలికి, కుడివైపు.

అది నా కుట్టు కాదు.
చెయ్యి తిరగనివాళ్ల పని, అంచు పొంగి కనపడుతోంది.
తనే కుట్టుకుందేమో, రాత్రిపూట, తలుపేసుకుని.

ఆవిడ నన్ను చూసింది.
నేను కిందపడ్డ కుర్చీని చూశాను.

ఆ క్షణాన నా చెయ్యెక్కడుందో
ఇంటికొచ్చాక అరచెయ్యి చూస్తే తెలిసింది:
కొలత టేపు అంకెలు
చర్మం మీద తిరగబడి అచ్చుపడ్డాయి.

ఓటింగు వచ్చే నెలకి వాయిదా.

శనివారం ఆవిడే వచ్చింది, కార్డిగన్ సంచిలో చుట్టి.
"ఊలు సాగిపోతోంది" అంది.
"బరువు" అన్నాను.
"జేబు తీసెయ్యనా, గట్టి చెయ్యనా?"

ఆవిడ గుండీల డబ్బాలో వేళ్లు పెట్టి చాలాసేపు కలిపింది.
ఒక ముత్యపు గుండీ తీసింది, మళ్లీ వేసేసింది.
బడి గంట టైమయిందని వెళ్లిపోయింది.
శనివారం బడేమిటని నేను అడగలేదు.

చీటీ మీద పేరు రాశాను, తేదీ రాశాను.
పని అన్నచోట ఇంకా ఏమీ రాయలేదు.
కార్డిగన్ కొక్కేనికి వేలాడుతోంది,
లోపల ఏమీ లేదు,
అయినా కుడివైపు కాస్త కిందికి దిగి.