వాసం మీద పెన్సిలు రాత

మార్చి మూడో వారం.
థండర్ బేలో మబ్బు తునక లేని మధ్యాహ్నం
ఇర్యా కెట్టునెన్ పడకగదిలో వాన పడుతోంది,
సన్నగా, దీపం చుట్టూ మాత్రమే.
కింద పెట్టిన సూపు గిన్నె
ఉండుండి టప్పుమంటోంది.

"కప్పు చిల్లు పడింది, రా," అంది ఫోన్లో.
స్కూలు బస్సు నడిపే మనిషి,
మామూలు మాటైనా వెనక సీటు దాకా వినిపిస్తుంది.

చిల్లు ఎక్కడా లేదు.
అటక మూత భుజంతో నెట్టి
తలదీపం వెలిగించగానే అర్థమైంది.
కప్పులోంచి దిగిన ప్రతి మేకు మొనకీ
చలికాలమంతా పెరిగిన మంచు పూస.
ఇవాళ ఎండకి కరుగుతోంది.
ఉత్తరం వైపు చెక్కల మీద బూజు,
చీపురుతో దులిపితే రాలే సాలీడు బూజు కాదు,
నిలవ రొట్టెకి పట్టే జాతి.
చీకట్లో ఎవరో బొగ్గు చేత్తో
తలుపు కోసం తడుముకున్నట్టు నల్లగా.

ఆ నీళ్ళన్నీ ఇంట్లోవే.
దుంపలు ఉడికిన ఆవిరి, ఆరేసిన ఊలు మేజోళ్ళు,
రెండు ముసలి కుక్కల నిద్ర ఊపిరి,
బయటికి పోవాల్సిన స్నానాలగది ఫ్యాను గొట్టం
అటకలోనే నోరు తెరిచి ఇన్నేళ్ళూ చెప్పిన గుట్టు.
వెచ్చనిది పైకే పోతుంది.
దారి దొరక్కపోతే
మొదట చల్లగా తగిలినదాని దగ్గర నీరైపోతుంది.

"బ్లీచు కొట్టేద్దామా?" కింద నుంచి కోల్టన్.
కొత్త కుర్రాడు.
"చెమట తుడిస్తే జ్వరం తగ్గుతుందట్రా?"

పొట్ట మీద పాకుతూ చూరు దాకా వెళ్ళాను.
గాలి రావాల్సిన కన్నాలు.
ఒక్కటి వదలకుండా గాజుపీచు కుక్కి ఉంది,
పెళ్ళివారి తలగడలో దూదిలా, ఎంత శ్రద్ధగానో.
ఏ వెధవ చేశాడో అని నోరు తెరిచాను.
దీపం తిరిగి వాసం మీద పడింది.
వడ్రంగి పెన్సిలుతో, వాలు అక్షరాలు:

*ఇరవైనాలుగు మూటలు. ఒక్క పూటలో. ఎల్.టి.*

ఎల్.టి. నేనే.

ఇరవయ్యారేళ్ళ వయసు. మోకాళ్ళు ఉన్నట్టే తెలియదు.
చలి దొంగ, కనబడ్డ సందల్లా పూడ్చు
అని మా మేస్త్రీ చెప్పిందే వేదం.
పూడ్చాను.
ఇర్యా వాళ్ళమ్మ మెచ్చుకుని
యాలకుల రొట్టె సగం కాగితంలో చుట్టిచ్చింది.
దారిలోనే తినేశాను.

బొటనవేలు తడిచేసి రుద్దాను. పోలేదు.
చుట్టూ అంత నలుపు పాకింది గానీ
ఆ అక్షరాల మీదికి మాత్రం రాలేదు.

దిగి వచ్చి చెప్పాను, టోపీ తీసి.
ఆవిడ గిన్నె ఎత్తి సింకులో పారబోసింది,
మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టింది.
"ఇరవైరెండేళ్ళు వెచ్చగానే పడుకున్నాను,
అదీ లెక్కలో వేసుకో" అంది.
ఇంకాసేపాగి,
"కూలి మాత్రం ఇవ్వను."

ఐదు రోజులు. ముక్కుకి గుడ్డలు.
తడిసిన పీచు సంచులకెత్తి, చెక్క గీకి తుడిచి,
దీపాల చుట్టూ, గోడల తలల మీద
గదిలోంచి ఆవిరి ఎగబాకే ప్రతి సందూ మూసి,
చూరు కన్నాలు తెరిచి, వాసానికో గాలి దోనె బిగించి,
ఫ్యాను గొట్టాన్ని కప్పు దాటించి,
అప్పుడు పరిచాం కొత్త దుప్పటి, మోకాలి లోతు.
మూయాల్సింది ఏదో, తెరవాల్సింది ఏదో
తెలియడానికి నాకు ఇంత వయసు పట్టింది.
కోల్టన్ అగ్గిపుల్ల ఊది చూరు దగ్గర పట్టాడు.
పొగ కాసేపు తటపటాయించి
శిఖరం వైపు వంగింది.
వాడు పెన్సిలు అందించాడు. వద్దన్నాను.

జనవరిలో ఒకసారి వెళ్ళాను, పిలవకుండానే.
మూత ఎత్తితే
బయట ఎంత చలో లోపలా అంతే చలి.
మేకులన్నీ పొడిగా.
ఇంకొకరి ఇంట్లో చలి చూసి ఇంత సంతోషించినవాణ్ణి
నేనే అయుంటాను.
చెవులు గడ్డకట్టే దాకా అక్కడే కూర్చున్నాను.
కింద కుక్కలు గురక పెడుతున్నాయి.