ఊక తాగిన నీలం

మా పెకలోంగాన్‌లో ఎవరికి ఏ పనొచ్చిందో
ఆరా తీయక్కర్లేదు, నదిని చూస్తే చాలు.
నిన్న గులాబీ: సుకెమీ ఇంట్లో పెళ్లి సారోంగులు.
ఇవాళ నీలం.
అది నాది.

ముప్పై ఏళ్లుగా మైనం గీతల మధ్య
గుడ్డకి రంగు పట్టిస్తున్నాను.
అది తాగినంత తాగుతుంది.
మిగిలింది గుమ్మం పక్క కాలవలోకి వంచి
చేతులు కడుక్కునేవాణ్ణి.
ఎంత కడిగినా గోళ్ల సందుల్లో
ఓ నీలి వంక మిగిలేది.

చెల్లెలి కూతురు వెనింగ్
(తేట అని మా జావా మాటలో ఆ పేరుకి అర్థం)
సెమరాంగ్ కాలేజీ నుంచి సెలవులకొచ్చి
మిల్లు వెనక పారబోసిన ఊక బస్తాలకెత్తింది.
కడిగింది. ఎండబెట్టింది.
బిస్కెట్ల డబ్బాలో మూతేసి మాడ్చింది.
వీధంతా పొగ, ఇంటింటా తిట్లు.
"ఊకదంపుడు" అన్నాను నేను,
తను నిజంగానే రోట్లో వేసి దంచుతుంటే.

పాత డ్రమ్ముకి అడుగున బెజ్జం,
గులకరాళ్లు, ఇసుక,
మీద మూరెడు నల్లటి పొడి.
పైనుంచి నా నీలం.

చాలాసేపు ఏమీ రాలేదు.
పక్కింటి దర్సినా కాఫీ తెచ్చి, తనూ తాగి,
గ్లాసులు కడిగి పట్టుకుపోయింది కూడా.
అప్పుడో చుక్క.
చాలాసేపటికి ఇంకోటి.

సీసాలో పట్టి ఎండకెత్తి చూశాను.
గింజని పొదివి పెంచితే
మనం చెరిగి గాలికొదిలేసిన పొట్టు
నా ముప్పై ఏళ్లనీ
కడుపులో పెట్టుకున్నట్టుంది.
"తాగేవు మామయ్యా!" అరిచింది వెనింగ్.
"రంగే పోయింది. ఉప్పు, సోడా
అందులోనే ఉన్నాయి."

నాలుగో రోజుకి డ్రమ్ము కింద మళ్లీ నీలిజాడ.
ఊక్కీ ఓ ఆకలుంటుంది, దానికో హద్దుంటుంది.
తీసి మూటగట్టాం, కొత్తది పోశాం.

ఇప్పుడు పెరట్లో పదకొండు బస్తాలు.
కాల్చాలా, పాతాలా, ఇటుకల మట్టిలో కలపాలా?
సెలవులైపోయాయి.
"కనుక్కుంటున్నా" అంటుంది ఫోన్లో.
రాత్రి వాన చప్పుడైతే
లేచి వెళ్లి వాటి మీద పరదా కప్పుతాను.
నా భార్య నవ్వుతుంది,
పసిపిల్లలకి కూడా నేనిలా లేవలేదట.

పొద్దున నది ఎర్రగా పారుతోంది.
నాది కాదు, అనుకుని
గోళ్లు చూసుకున్నాను.