తేదీ వేయని సంతకం

ఆజూర్ నెల, పదమూడు వందల యాభై ఎనిమిది ఫసలీ.
ఇకమీదట ఈ లెక్కల తేదీలు రాయొద్దని
పొద్దుగాల సర్క్యులర్ వచ్చింది.
దవాతుల కలం ముంచి
అక్టోబర్ అని రాసిన.
కొత్త చెప్పు లెక్క కరిసింది ఆ మాట.

బేగంపేటల మూడు డకోటాలు
ఎండల నిలబడి ఉన్నయి
ఏ దేశపు విమానాలో తెల్వక.
ఎగరనీకి రెక్కలు సాలవట,
పర్మిట్ కావాలె.
పర్మిట్‌కు సగం కన్న ఎక్కువ వాటాలు
ఇక్కడి మనుషుల చేతుల ఉండాలె.
ఇక్కడ అంటే ఎక్కడో
మొన్నటిదాక మాకు తెలుసు.

మీర్ తురాబ్ హసన్ సాబ్ కరాచీ పోయిండు.
పోతూ ఇడిసిపెట్టినవి:
ఒక హుక్కా,
ఆబిడ్స్ దర్జీ దగ్గర తీసుకోని కోటు,
మా కంపెనీల నాలుగు వేల రెండు వందల వాటాలు.

రాత్రంత మీటింగు.
కావస్జీ సేటు సిగరెట్టు మీద సిగరెట్టు.
ఆఖరికి వకీలు సక్సేనా సాబ్ అన్నడు:
"ఒక పేరు కావాలె. ఈడ పుట్టినోడై ఉండాలె.
అప్పు ఉండొద్దు. ఆశ అసలే ఉండొద్దు."
అందరు ఒక్కపారి నా దిక్కు చూసిండ్రు.
నేను చాయ్ కప్పులు తీస్తున్న.

అట్ల
కొక్కుల వరదయ్య, వల్ద్ కొక్కుల సాయన్న,
రిజిస్టర్ గుమాస్తా, నెలకు డెబ్బై హాలీ రూపాయలు,
ఒక విమానానికి, ఇంకోదాని ఎడమ రెక్కకు
మాలిక్ అయిండు.
రిజిస్టర్‌ల ఆ పేరు రాసింది నేనే.
నా దస్తూరి మంచిగుంటదని పేరు.

ఎంటనే ఇంకో కాగితం జరిపిండ్రు,
మల్ల వాపస్ ఇచ్చేస్తున్నట్టు.
ఎవరికో లేదు. ఎప్పుడో లేదు.
"తేదీ వెయ్యకు వరదయ్యా" అన్నడు వకీలు,
పండుకున్న పిల్లకు దుప్పటి కప్పినంత మెల్లగ.
సంతకం పెట్టిన.
సాసర్ల పోసిన చాయ్ ఇంకా చల్లారలే.

షెడ్డుల దస్తగీర్
తోక మీది కుల్చా బొమ్మ గీకుతుండు.
మూడేండ్ల కింద వేసింది తనే.
"రంగు కింద రంగు ఊకోదు భాయ్,
ఎండకు పైకి తేలుతది."
కొత్త పేరు రాసిండు.
ఉర్దూ అచ్చరాలు చిన్నగ చెయ్యమన్నరు. చేసిండు.
ఇంకా చిన్నగ అన్నరు.

టికెట్లు హాలీల నుంచి కల్దార్‌కు మార్చినం.
ఏడు రూపాయల ఆకాశం ఆరయింది.
బెంగళూరు మాత్రం అంతే దూరం.

మా అండాలుకు చెప్పకుండ ఉండలేకపోయిన.
చూడీబజార్ మిద్దె మీద చీర ఆరేస్తుంటే
పైనుంచి డకోటా పోయింది, టెస్టు కోసం.
"అండ్ల మనదేది?" అన్నది.
చానసేపు చూసి
"చప్పుడు" అన్న.
పది దినాలు నవ్వింది,
పొయ్యి ఊదుకుంట కూడ.

ఢిల్లీ నుంచి ఆఫీసర్ వస్తుండు,
వాటాదారును చూడాలె అన్నడట.
నా అంగీ చూసి సేటు కంగారు పడ్డడు.
జవాన్ను ఆబిడ్స్‌కు ఉరికించిండు.
బాకీ కట్టి తెచ్చిన కోటు నాకు తొడిగిండ్రు.
చేతులు యేళ్లదాక వచ్చినయి, మడిచిన.

"వాటాలు ఎన్ని?"
"నాలుగు వేల రెండు వందలు."
"విమానం ఎక్కినవా?"
"లేదు సాబ్."
"కంపెనీ గురించి ఏమంటవు?"
"జీతం ఒకటో తారీకు ఇస్తది."
ఆఫీసర్ కలం ఆపిండు.
కావస్జీ సేటు కిటికీల నుంచి
ఏం లేని రన్‌వేను చూసుకుంట కూసున్నడు.
పర్మిట్ వచ్చింది.

తర్వాత కంపెనీనే సర్కారు మింగింది.
నా సంతకం ఏ తిజోరీల చెదలు తిన్నదో
ఎవరు అడగలే, నేను అడగలే.

కోటు మాత్రం వాపస్ అడగడం మరిచిండ్రు.
చలికాలం తొడుక్కుంట.
లోపలి జేబుల దర్జీ చిట్టీ అట్లనే ఉన్నది:
తురాబ్ హసన్ సాబ్, ఛాతీ నలభై,
ఇవ్వవలసిన రోజు
ఆజూర్ పది.