ఉప్పు పేరు

నర్సంపేట ఆడపిల్లల జూనియర్ కాలేజీల
కెమిస్ట్రీ ల్యాబు అటెండరును నేను, కొంరెల్లి.
నా ఇంటరు పోయింది ఇదే సబ్జెక్టుల,
ఇరవై రెండేండ్ల సంది తుడుస్తున్నది ఇదే సబ్జెక్టు సీసాలు.

ఫిబ్రవరి వస్తే మాత్రం నేనే పెద్దసారును.
ఉప్పు పొట్లాల మీద నంబర్లే ఉంటయి, పేర్లు నాకెర్క.
పిల్లలు బీరువా సాటుకొచ్చి,
"అన్నా, ఏడో నంబరు ఏంది?"
నోటితోని చెప్పకపోయేది.
ముక్కు మూసుకున్ననంటే అమ్మోనియం.
పచ్చగాజుల పిల్ల దిక్కు చూసిన్నంటే బేరియం.
చాయ పైసలు జేబుల పడుతుండె.

ఆ యేడు ఖానాపురం దిక్కు తండా పిల్ల, గుగులోత్ అంజలి,
ఏడో పొట్లం నాళికల పోసి మంట మీద పట్టింది.
తెల్లపొడి కరగలే, నీరు కాలే,
ఒక్కపారే పొగై లేచి
నాళిక మెడకాడ మళ్ళ పొడై అంటుకున్నది.
నేను అలవాటుగ ముక్కు మూసుకున్న.
"పేరు వద్దన్నా," అన్నది.
"నడుమ నీళ్ళెందుకు కాలే?"

నాకెర్క లేదు.
ఆ ఒక్కమాట అననీకి
నా గొంతుల ఏదో బిరడా ఊడదీసినట్టయింది.

నుస్రత్ మేడం ఆ మాపు హన్మకొండ బస్సు ఇడిసిపెట్టింది.
"పొగల అది అది కాదు. రెండు గాలులుగ ఇడిపోతది,
చల్లని గాజు తగలంగనే మళ్ళ ఒక్కటైతది," అన్నది.
మరి కూరల ఉప్పో?
సోడియం కాడ ఒకటి ఎక్కువున్నదట,
క్లోరిన్ కాడ ఒకటి తక్కువున్నదట. ఇచ్చేసిందట.
"అప్పా మేడం?"
"అప్పైతే మళ్ళ అడుగుతది కొంరెల్లీ.
ఇది అడగది. ఇచ్చినంకనే ఒకదాన్నొకటి గుంజుకుంటయి."
మరి చక్కెర?
"అది పొత్తుల బోరు. మోటరొక్కటే, మడులు రెండు.
ఎవ్వలూ ఎవ్వలికీ ఇయ్యలే."

పాత టార్చి సెల్లులు పలగ్గొట్టి
నల్లకడ్డీలు రెండు తీసిన.
బ్యాటరీ, వైరు, సైకిలు లైటు బల్బు.
ఎండు ఉప్పుల గుచ్చితే వెలగలే.
లోపట ఆవేశాలున్నయట, కదిలే సందు లేదట.
డిస్టిల్డు వాటర్ల వెలగలే.
చక్కెర నీళ్ళల్ల వెలగలే.
"మొత్తం కలిసిపాయె గద మేడం, కనవడుతనే లేదు?"
"కలిసింది. ఇడిపోలే."
అప్పుడు అంజలి, డిస్టిల్డు వాటర్ల
పిడికెడు ఉప్పేసి కలెపెట్టింది.
బల్బు లోపటి తీగె ముందుగాల ఎర్రగ,
అటెనుక పసుపు.
ముగ్గురం ఏం మాట్లాడలే.
బయట వాచుమెను గేటుకు తాళమేస్తున్న సప్పుడు.

వానాకాలంల సరోజనకు వాంతులు.
రెండోనాటికి నా మొకం జూసి
"నువ్వెవలివి?" అన్నది. పెండ్లై పందొమ్మిదేండ్లు.
ఎంజీఎంల చిన్న డాక్టరు కాయితం సదివి
"సోడియం పడిపోయింది," అన్నడు, గంతే.
గంతే అంటడేంది?
నేను మంచం పట్టె మీద గూసుండి
సెలైను బొట్లు లెక్కవెట్టిన.
"జర జల్దీ ఎక్కియ్యున్రి సారూ,"
"ఎక్కియ్యద్దు. మెల్లగనే రావాలె."
ఒక్కో బొట్టుల ఇచ్చినోడు, తీసుకున్నోడు,
ఇడిపోయి ఈదుకుంట పోతున్నరు
ఆమె నెత్తిలున్న ఆ చిన్న బల్బు కాడికి.
మూడోనాడు తెల్లారంగ కండ్లు దెరిచి
"గడ్డం గీసుకోలే?" అన్నది.

అంజలికి పరీక్షల మార్కులు తక్కువొచ్చినయి.
ఆ పొగ గురించి రెండు పేజీలు రాసిందట,
ఉప్పు పేరు రాసుడు మరిచిందట.

ఇప్పుడు ఎవలన్న బీరువా సాటుకొస్తే
చేతులు రెండు జేబులల్ల పెట్టుకుంట.
చాయ పైసలు బందైనయి.
సరోజనకు ఆ కోపం ఇంకా సల్లారలే.