నంబరు లేని బండి

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి
మల్కాపురం గ్రౌండులో టార్పాలిన్ కింద
మడత బల్ల, వెర్నియరు, రిజిస్టరు,
నేను.

పాత బీఎమ్మెక్స్‌ల రేసుకి
ఏది లోపల, ఏది బయట
చెప్పాల్సింది నేనట.
షిప్‌యార్డులో ముప్పైనాలుగేళ్లు వెల్డింగు చేసినవాడి దగ్గర
ఇనుము అబద్ధమాడదని వీళ్ల నమ్మకం.
ఆడుతుంది.
రంగేస్తే ఇంకా బాగా ఆడుతుంది.

రూలు చిన్నదే, అగ్గిపెట్టె వెనక రాయొచ్చు:
తొంభై ఒకటికి ముందు పుట్టిన ఫ్రేము,
ఇరవై అంగుళాల చక్రం.
టైర్లు, చెయిన్లు, బ్రేకు రబ్బర్లు కొత్తవైనా సరే.
అరిగిపోయేవాటిని వయసడగం.

మొదట పాత్రో గారి బండి.
సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు.
ఏ పిల్లాడి మోకాలి తోలూ ఎరగదు.
పాసు.
రూలు మోకాళ్ల సంగతి అడగదు.

తర్వాత కరీముల్లా, అద్దంలా మెరిసే క్రోము.
స్టిక్కరు మీద ఎనభై ఏడు.
ఫోర్కు కొసలు వేలితో తడిమాను.
ఇవి లేజరు కోసిన అంచులు బాబూ,
ఆ రోజుల్లో ఆకురాయి గీతలుండేవి.
గొడవ పడలేదు. "పట్టీసారే!" అని నవ్వి
టీ పంపించాడు.
టీ తాగాను. బండి బయటే.

యారాడ కొండ మీంచి ఎండ బల్ల మీదికొచ్చేవేళకి
నూకరత్నం వచ్చింది.
హార్బరులో చేపల వేలం ముగించుకుని,
చేతులకి ఇంకా ఐసు వాసన.
నీలం బండి. నీలం కంటే తుప్పు ఎక్కువ.
పెడళ్ల గొట్టం కింద నంబరుండాల్సిన చోట
ఉప్పుగాలి కొరికేసిన గుంట.

"కాయితం ఉందా?" అన్నాడు కమిటీ కుర్రాడు శశిభూషణ్.
"ఏటి కాయితం? నంబరు తినీసింది సముద్రం,
దాన్నే అడుగు."

బండి తిరగేశాను.
కింది గొట్టం మెడ దగ్గర రంగు గీకితే
ఇత్తడి అతుకు, వేలెడు పొడవు,
చేపపొలుసుల్లా ఒకదాని మీదొకటి,
అన్నీ తప్పు వైపుకి వాలి.

ఎడంచేత్తో వేసిన అతుకు.

ఎనభై తొమ్మిది, దీపావళికి ముందు వారం.
కుడి బొటనవేలికి కాలిన బొబ్బ, గుడ్డ చుట్టుకుని ఉన్నాను.
పన్నెండేళ్ల పిల్ల ఒకతె
విరిగిన ఫ్రేము భుజానేసుకుని వచ్చింది.
అయిదు రూపాయలన్నాను.
"రేపిస్తాను" అంది.

తలెత్తి చూశాను.
ఆమె నా బొటనవేలు చూస్తోంది.

"రిపేరు చేసిన ఫ్రేము కదండీ,
ఒరిజినల్ ఎలా అవుద్ది?" అంటున్నాడు శశిభూషణ్.
విరిగింది తన దగ్గర,
అతికింది నా దగ్గర,
పిల్లల బండికి ఇంతకన్నా ఒరిజినల్ ఏముంటుందో
నాకు తెలీదు. అతనితో అనలేదు.
సాక్షీ నేనే, జడ్జీ నేనే అయిన కేసులో
ఎక్కువ మాట్లాడకూడదు.

రిజిస్టరులో, వయసు అనే గడిలో రాశాను:
*అతుకు కంటే పెద్దది.*

అతను రెండుసార్లు చదువుకుని
సంతకం పెట్టాడు.

ఆమె బల్ల మీద పది రూపాయల బిళ్ల పెట్టింది.
చిల్లర లేదన్నాను.
"రేపియ్యండి" అంది.

గేటు పడింది.
మొదటి దిబ్బ మీంచి బళ్లు గాల్లోకి లేచినప్పుడు
జనమంతా ఆమెని చూసి అరిచారు.
నేను మాత్రం
కింది గొట్టం మెడ వైపే చూస్తూ
ఊపిరి బిగబట్టుకున్నాను.