కింద నుంచి చూసినోడు

బండి మాట్లాడదంటరు.
లిఫ్టు మీదికి ఎక్కినంక వినాలె దాన్ని.

శనివారం పొద్దుగాల, షార్జా సనయ్యల
షట్టర్ ఇంకా సగమే లేపిన.
తాడు కట్టి గుంజుకొచ్చిండ్రు తెల్ల పాట్రోల్‌ను, పాతది.
ముందటి చక్రాలు రెండూ
అలిగిన తోడికోడళ్ల లెక్క
చెరో దిక్కు చూస్తున్నయ్.

బండి మౌజాది. ఇరవై ఆరేండ్లుంటయేమో,
అబాయా అంచుకు ఎండిన బురద.
"చిన్న రాయి తాకింది, అంతే" అన్నది
వచ్చీరాని హిందీల.
నేనేమనలే.
అందరికీ చిన్న రాయే తాకుతది.

కిందికి దూరి లైటు పట్టిన.
డిఫరెన్షియల్ గిన్నెకు అరచేతంత సొట్ట,
సొట్ట నడుమ వెంట్రుకంత పగులు.
టై రాడ్ కొడవలి వంపు తిరిగింది,
ఎడమ షాకు నూనె కక్కుకున్నది.
గీతలు చూస్తె తెలుస్తది,
మొదటి దెబ్బకు ఆగలే ఈ పిల్ల,
వెనక్కి తియ్యలే,
ఇంకోపాలి గట్టిగ తొక్కింది.
ఏ తావున భయమైందో సుత చెప్తా:
ఆడ గీత అడ్డంగ జారింది.

పదకొండేండ్లాయె నేనీడికొచ్చి.
ఆ కొండలు, ఆ వాదీలు ఎన్నడు చూడలే.
వాటి మట్టి మాత్రం నాకెరుక.
ఎడారిది ఎర్రగ, ఎండుమిర్ప పొడి లెక్క,
బేరింగుల దూరితె పోనంటది.
సబ్ఖాది ఉప్పుమట్టి,
ఇనుమును నాకి నాకి తింటది.
వాదీది బూడిద రంగు,
సబ్బు లెక్క గోళ్లకు పట్టుకుంటది.

ఛాసిస్ సందుల ఇరికిన ముల్లు ఒకటి తీసిన,
తెల్లగ, వేలెడంత.
తుమ్మముల్లే!
మా మెట్‌పల్లి దిక్కు గొర్ల కాళ్లకు దిగేది గిదే.
"ఈడ సమర్ అంటరు" అన్నడు జర్వలీ ఖాన్,
వెల్డింగ్ అద్దం నెత్తిమీదికెత్తి.
నా చేతులకెల్లి తీసుకుంటుంటె వాని వేలికి దిగింది.
ఆ తర్వాత వాడు పష్తోల అన్నది
నాకు పూరాగ సమజైంది.

మౌజా ఫోన్‌ల జాబితా తెచ్చింది:
రెండంగుళాల లిఫ్టు, ముప్పై మూడు టైర్లు,
డిఫరెన్షియల్ కింద మందం స్టీలు పలక,
టై రాడ్ మాత్రం
"ఇంక ఎన్నడు వంగనిది కావాలె."

ఆ మాట కాడ ఆగిన.
పానా పక్కన పెట్టి చెప్పిన:
వంగనిదే వేస్తా, పైసలు నాకే వస్తయ్.
కానీ రాయి రాయే గద.
రాడ్ వంగకపోతె దెబ్బ పైకి పోతది,
స్టీరింగ్ బాక్సు పలుగుతది.
అది పలిగినంక ఆ కొండలల్ల
నువ్వుంటవు, చంద్రుడుంటడు, సిగ్నల్ ఉండదు.
వంగిన రాడ్‌నైతే నువ్వే
బండమీద పెట్టి సుత్తెతోని సగం సాపు చేసుకొని
ఎట్లనో ఇంటికొస్తవు.
ఏడనో ఒక తావు
అగ్గువ సామాను ఉండాలె బిడ్డా,
దెబ్బ కాయనీకి.

ఆమె చాలాసేపు మాట్లాడలే.
నేను సుత.
ఆ మాట అన్నంక ఎందుకో
నా నోరు నాకే చేదైంది.
నడుముకు పట్టీ బిగించుకొని మళ్ల కిందికి దూరిన.

నాలుగు రోజులు.
జర్వలీ వేసిన అతుకు చేప పొలుసు లెక్క కుదిరింది.
బిగించిన ప్రతి బోల్టుకు పచ్చరంగు గీత పెట్టిన,
కదిలితె గీత విరుగుతది, తెలుస్తది.
రాడ్ కంపెనీదే, మామూలుది.
ఇంకొకటి సీటెనుక కట్టిన, పైసలు తీసుకోలే.

బుధవారం మాపటికి దించినం.
"ఎక్కు" అన్నది మౌజా. ఎక్కిన,
పక్క సీటుల.
సనయ్య వెనుక ఇసుక దిబ్బ, పాత టైర్లు, పగిలిన బాత్రూం బండలు.
దానిమీదికి ఎక్కిచ్చింది.
బండి ముక్కు ఆకాశానికి లేసింది,
నా కడుపుల సల్లగైంది,
చెవి మాత్రం కిందనే పెట్టిన.
కట్టుమనలే. కిర్రుమనలే.
దిబ్బ మీద ఆపి తూర్పుకు చెయ్యి చాపింది:
"అగో, ఆ కొండలే."
దుమ్ముల సన్నగ, నీలంగ, ఏదో ఉన్నది.
కొండో మబ్బో తెల్వలే.
ఔనన్న.

వంగిన రాడ్‌ను తుక్కుకెయ్యలే,
షట్టర్ పక్కన గోడకు కొట్టిన.
ఆ వంపు కొక్కానికి మంచిగ పనికొచ్చింది.
జర్వలీ దానికి అద్దం తగిలిస్తడు,
నేను, రాత్రి షట్టర్ దించే ముందు,
నడుము పట్టీ.